ఇండియా అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ రికార్డు చూసి సంబరపడాలా, తల పట్టుకోవాలా?

రామంతపూర్_నాన్న:

అందరికీ నమస్తే. ఒక వాదన తేల్చిపెట్టాలి. మా పాప టర్ఫ్‌లో అబ్బాయిలతో కలిసి ఫుట్‌బాల్ ఆడుతుంది, ఆట అయ్యేదాకా మేం నలుగురు తండ్రులం బయట చాయ్ తాగుతూ నోటికొచ్చింది మాట్లాడుకుంటాం. మొన్న ఒకాయన, ఇండియాలో మగవాళ్ల టీమ్ కంటే ఆడవాళ్ల టీమే నయం, దక్షిణాసియా దేశాల సాఫ్ కప్పు వరసగా ఐదుసార్లు కొట్టారు, ఇప్పుడు ఏషియన్ కప్‌కు కూడా వెళ్తున్నారు అన్నాడు. ఇంకొకాయన వెంటనే అందుకుని, ఏం నయం, కొరియా చేతిలో పది, థాయ్‌లాండ్ చేతిలో పది తిన్న టీమ్ అది, నేపాల్ మీదా భూటాన్ మీదా కొట్టిన గోల్స్ కూడా ఒక లెక్కేనా అన్నాడు. గచ్చిబౌలిలో మన మగవాళ్లు మారిషస్‌తో 0-0 ఆడింది స్టేడియంలో కూర్చుని చూసినవాణ్ని కాబట్టి నేను మొదటాయన వైపే ఉన్నా, కానీ గట్టిగా చెప్పడానికి నా దగ్గర పాయింట్లు లేవు.

ఇంటికొచ్చి వెతికితే ఇంకా గందరగోళం. ఒకచోట 18-0 గెలుపు, ఇంకోచోట 0-16 ఓటమి. ఒకే టీమేనా ఇది? అసలు వీళ్ల స్థాయి ఏంటి, వచ్చే మార్చిలో, అంటే 2026లో, ఆస్ట్రేలియాలో జరిగే ఏషియన్ కప్‌లో ఏమైనా చేయగలరా, మన తెలుగు అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. లింకు పడేసి పోకండి, ప్లీజ్.

ఫతేమైదాన్_పాతకాపు:

మీ దోస్తులిద్దరూ కరెక్టే, అదే ఈ టీమ్‌తో వచ్చిన చిక్కు.

పాత కథ నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అది ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఏషియన్ కప్ అంటున్నది అప్పట్లో ఏషియన్ ఛాంపియన్‌షిప్. 1980 జనవరిలో అది మన కాలికట్‌లోనే జరిగింది. మనవాళ్లు ఫైనల్ దాకా వెళ్లి చైనీస్ తైపీ (అంటే తైవాన్) చేతిలో 0-2తో ఓడారు. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్, ఈసారి థాయ్‌లాండ్ చేతిలో, మళ్లీ 0-2. శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది ఆ ఏడాదే, మహిళా ఫుట్‌బాలర్లలో ఆ అవార్డు అందుకున్న మొదటి ఆవిడ.

మూడు టోర్నీల్లో రెండు ఫైనల్సా అని నోరు తెరవకండి. అప్పటికి చైనా బరిలోనే లేదు. 1986లో మొదటిసారి వచ్చింది, వచ్చీ రాగానే కప్పు ఎత్తుకుపోయింది. ఉత్తర కొరియా ఇంకా తర్వాత వచ్చింది. పక్క దేశాల్లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఇంకా కళ్లు తెరవని రోజుల్లో మనం ముందున్నాం, వాళ్లు డబ్బు, కోచింగ్, లీగులు పెట్టి పరిగెత్తడం మొదలుపెట్టాక మనం అక్కడే నిలబడిపోయాం. అప్పట్లో ఆడవాళ్లకు వేరే సంఘం ఉండేది, 1975లో పెట్టింది. తర్వాత 90ల్లో మగవాళ్ల ఫెడరేషన్ దాన్ని తన కిందికి తీసుకుంది, తీసుకుని అటక మీద పెట్టింది అని నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనండి.

ఆ 0-16 అప్పటిదే. 1998లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్, ఎదురుగా చైనా. అది కూడా ఏదో మామూలు చైనా కాదు, అట్లాంటా ఒలింపిక్స్‌లో రజతం తెచ్చి, మరుసటి ఏడాది వరల్డ్ కప్ ఫైనల్లో అమెరికాను పెనాల్టీల దాకా లాక్కెళ్లిన చైనా. ఆ టీమ్ మీద అప్పుడు ఆసియాలో ఎవరు ఆడినా గోల్స్ లెక్కపెట్టుకోవాల్సిందే, కాకపోతే పదహారు అంటే పదహారే.

మన ఊళ్లో పాత ఇండియా కోచ్ రహీం సాబ్ పేరు చెప్పని ఫుట్‌బాల్ మాట ఉండదు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానం, 1962 జకార్తా స్వర్ణం, సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసపెట్టి కొట్టిన ఐదు రోవర్స్ కప్పులు, అవి చెప్పుకునే ఇంకా బతుకుతున్నాం. కాలికట్ ఫైనల్ ఆడిన అమ్మాయిల పేర్లు మాత్రం ఎల్బీ స్టేడియం గేటు దగ్గర ఎవర్ని అడిగినా ఒక్కటి కూడా చెప్పలేరు. నాకూ శాంతి మల్లిక్ తప్ప గబుక్కున ఇంకో పేరు నోటికి రాదు.

లెక్కల_పిచ్చి:

పాతకాపు గారు 98లో ఆపారు, నేను అక్కడి నుంచి అందుకుంటా.

2009లో ఫిఫా మన టీమ్‌ను ర్యాంకింగ్ జాబితా నుంచే తీసేసింది. ఓడినందుకు కాదు, ఏడాదిన్నర పాటు ఆడనందుకు. ఒక్క మ్యాచ్ కూడా. వంద కోట్లు దాటిన దేశానికి జాతీయ జట్టు ఉంది, ప్లేయర్లు ఉన్నారు, మణిపూర్‌లో బెంబెం దేవి లాంటి మనిషి ఉంది, కానీ మ్యాచ్ పెట్టేవాడు లేడు. ఆవిడ 1995లో పదిహేనేళ్లకే ఇండియాకు ఆడటం మొదలుపెట్టింది, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆడింది, 2020లో పద్మశ్రీ వచ్చింది. మంచి వయసులో ఉన్నప్పుడు ఆవిడకు ఆడటానికి మ్యాచులే లేవంటే ఎవర్ని తిట్టాలి?

2010లో మళ్లీ తెర లేచింది. ఢాకాలో సౌత్ ఏషియన్ గేమ్స్ స్వర్ణం, డిసెంబర్‌లో కాక్స్ బజార్‌లో మొదటి సాఫ్ ఛాంపియన్‌షిప్. ఆ 18-0 అక్కడిదే, భూటాన్ మీద. సస్మిత మల్లిక్ ఆ ఒక్క టోర్నీలో 14 గోల్స్ కొట్టింది. తర్వాత 2012 కొలంబో, 2014 ఇస్లామాబాద్, 2016 సిలిగురి, 2019 బిరాట్‌నగర్, మీ దోస్తు చెప్పిన ఐదూ ఇవే.

ఇప్పుడు రెండో దోస్తు పాయింటు. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లో మాల్దీవులను 15-0తో ఉతికారు. అదే గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 0-10, థాయ్‌లాండ్ చేతిలో 0-10. వారం రోజుల్లోనే, అదే టీమ్, అదే కోచ్. ఒక పక్క పదిహేను, ఇంకో పక్క పది. తమాషా ఏంటంటే అంతకు ముందు ఏడాదే మన ర్యాంకు 49కి చేరింది, ఇప్పటికీ మన బెస్ట్ ర్యాంకు అదే. ఆ 49 మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఇంచియాన్ చూపించింది. మనకంటే కింద ఉన్నవాళ్లతోనే ఆడితే ర్యాంకు బాగుంటుంది, అంతే.

అందుకే నేను పెద్ద గెలుపులూ పెద్ద ఓటములూ రెండూ పక్కన పెడతా. ఒక గోల్ తేడాతో తేలే మ్యాచులు ఎన్ని ఆడారు, ఎవరితో ఆడారు, అది చూస్తా. అలాంటివి మన ఖాతాలో చాలాకాలం లేనే లేవు.

కార్నర్_కిక్:

నేపాల్ మీద గోల్స్ లెక్కలోకి రావన్న ఆ అంకుల్‌కు చెప్పండి, ఇప్పుడు నేపాల్ మీద గెలిస్తే గ్రూపులో స్వీట్లు పంచుతున్నాం 😀

2022 సాఫ్, ఖాట్మండు: గ్రూపులో బంగ్లాదేశ్ చేతిలో 0-3, సెమీస్‌లో నేపాల్ చేతిలో 0-1. 2024 సాఫ్, మళ్లీ ఖాట్మండు: బంగ్లాదేశ్ చేతిలో 1-3, సెమీస్‌లో నేపాల్‌తో 1-1, పెనాల్టీల్లో ఔట్. రెండుసార్లూ కప్పు బంగ్లాదేశ్‌దే. వాళ్లు కూడా ఈసారి ఏషియన్ కప్‌కు మొదటిసారి వెళ్తున్నారు. ఐదు కప్పులు అని చెప్పేవాళ్లు 2019 దగ్గరే క్యాలెండర్ చింపేశారేమో.

ఇందూరు_పిల్ల:

తెలుగు అమ్మాయి ఉందా అని అడిగారు కదా. ఉంది అన్నా, ఏదో బెంచీ మీద కూర్చునే అమ్మాయి కాదు. సౌమ్య గుగులోత్. మా నిజామాబాద్ జిల్లా, తండాలో పుట్టిన పిల్ల, వాళ్ల నాన్న వ్యవసాయం చేస్తారు. వింగ్‌లో ఆడుతుంది. బంతి కాలికి తగిలిందంటే ఎదురుగా ఉన్న బ్యాక్ పని అయిపోయినట్టే. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్లింది. తర్వాత ఈస్ట్ బెంగాల్, వాళ్లు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన టీమ్‌లో ఉంది, ఆ సీజన్‌కు దేశంలో బెస్ట్ మహిళా ప్లేయర్ అవార్డు ఫెడరేషన్ ఈమెకే ఇచ్చింది. దేశం మొత్తం మీద బెస్ట్. తెలంగాణ పిల్ల. ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసో చేతులెత్తండి చూద్దాం.

మా వైపు ఆమె పేరు చెప్పి కూతుళ్లను గ్రౌండుకు పంపే ఇళ్లు ఉన్నాయి. నేను చదువుకునే రోజుల్లో పీఈటీ సార్ దగ్గర ఒకటే బంతి ఉండేది, దాన్ని అబ్బాయిలు పట్టుకుపోతే మాకు ఖోఖో. హైదరాబాద్ వచ్చాక పరిస్థితి మారుతుందనుకున్నా. మా అక్క కూతురిని ఈ ఊళ్లో పేరున్న ఒక అకాడమీకి తీసుకెళ్తే, అమ్మాయిలకు వేరే బ్యాచ్ లేదమ్మా, పదిమంది అయితే చూద్దాం అన్నారు. ఫీజు రసీదు మాత్రం ఆ రోజే రాసివ్వడానికి రెడీ. పదిమంది ఎక్కడినుంచి వస్తారు, వచ్చిన ఒక్కర్నీ తిప్పి పంపితే?

టీమ్ లిస్టు ఎప్పుడైనా తెరిచి చూడండి. మణిపూర్, ఒడిశా, బెంగాల్, జార్ఖండ్, తమిళనాడు, హర్యానా. మన రెండు రాష్ట్రాల నుంచి వెతికి వెతికి ఒక పేరు. సీనియర్ నేషనల్స్ మణిపూర్ ఇరవైసార్లకు పైగా గెలిచింది, వాళ్ల ఊళ్లలో ఆడపిల్ల సాయంత్రం గ్రౌండుకు వెళ్తే ఎవరూ వింతగా చూడరు.

చియాంగ్‌మాయ్_రాత్రి:

పై వాళ్లంతా చరిత్ర చెప్పారు, నేను ఒక్క మ్యాచ్ గురించే చెప్తా. 2025 జులై 5, చియాంగ్ మాయ్, థాయ్‌లాండ్‌తో ఏషియన్ కప్ క్వాలిఫయర్ ఆఖరి మ్యాచ్. ఈ టీమ్ స్థాయి ఏంటి అన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అదే.

దానికి ముందు మంగోలియా మీద 13-0 (ప్యారీ ఖాఖా ఒక్కతే ఐదు కొట్టింది, సౌమ్య కూడా కొట్టింది), తిమోర్ మీద 4-0, ఇరాక్ మీద 5-0. కలిపితే 22. అటు థాయ్‌లాండ్ కూడా అదే ముగ్గురి మీద 11, 4, 7, అంటే వాళ్లదీ 22, వాళ్లూ ఒక్కటి కూడా తినలేదు. పాయింట్లు సమానం, గోల్ తేడా సమానం. డ్రా అయితే నేరుగా పెనాల్టీలు. గ్రూపులో ఒక్కరే ఆస్ట్రేలియాకు. వాళ్ల దేశం, వాళ్ల జనం, వాళ్ల ర్యాంకు 46, మనది 70. 2015, 2019 వరల్డ్ కప్పులు ఆడిన దేశం వాళ్లది, మన అమ్మాయిలు అప్పటిదాకా వాళ్లను ఒక్కసారి కూడా ఓడించలేదు.

29వ నిమిషంలో సంగీత బాస్ఫోర్ బాక్స్ బయటి నుంచే లాగి కొట్టింది, గోల్. హాఫ్‌టైమ్ తర్వాత మనవాళ్లు కుదురుకునేలోపే, 47వ నిమిషంలో థాయ్‌లాండ్ సమం చేసింది. అక్కడ నేను ఫోన్ బోర్లా పెట్టేశా, ఎందుకంటే మన టీమ్ అక్కడినుంచి కూలిపోవడం ఇన్నేళ్లలో చాలాసార్లు చూశాం. కూలిపోలేదు. 74వ నిమిషంలో మళ్లీ సంగీతే, ఈసారి తలతో. 2-1. మిగతా టైమంతా థాయ్‌లాండ్ మీద పడిపోతుంటే బాక్స్‌లో కాళ్లు అడ్డం పెట్టి, బంతిని దొరికినట్టు బయటికి కొట్టి గట్టెక్కారు. అందంగా లేదు. కానీ లెక్కల_పిచ్చి గారు అడిగిన ఒక గోల్ తేడా మ్యాచ్ అంటే ఇదే.

క్వాలిఫయర్ ఆడి గెలిచి ఏషియన్ కప్‌కు వెళ్లడం మనకు ఇదే మొదటిసారి. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి, డార్జిలింగ్ ఆయన. మే నుంచి బెంగళూరులో అందర్నీ ఒకచోట పెట్టి క్యాంపు చేశారు. ఈ టీమ్‌కు అన్ని రోజులు కలిసి ప్రాక్టీస్ చేసే అదృష్టం ఎప్పుడు దక్కింది చెప్పండి. మామూలుగా అయితే టోర్నీకి పది రోజుల ముందు పిలుస్తారు, బూట్లు సర్దుకునేలోపు ఫ్లైటు.

ఆగస్టులో ఫిఫా ర్యాంకు 63కు వచ్చింది. అదే నెలలో అండర్-20 అమ్మాయిలు యాంగాన్‌లో మయన్మార్‌ను వాళ్ల గడ్డ మీదే 1-0తో ఓడించి, ఇరవై ఏళ్ల తర్వాత అండర్-20 ఏషియన్ కప్‌కు చేరారు. పేపర్లో ఏ మూలనో వేశారు, చూసినవాళ్లకు చూసినంత.

రామంతపూర్_నాన్న:

అబ్బ, థాంక్స్ అందరికీ. పాపకు సౌమ్య వీడియోలు చూపించా, అప్పటినుంచి లెఫ్ట్ వింగ్ తప్ప ఇంకెక్కడా ఆడనంటోంది, కొత్త తలనొప్పి. ఒక్కటి అర్థం కాలేదు, క్వాలిఫయర్ గెలిచి వెళ్లడం మొదటిసారి అంటున్నారు, మరి 2022 ఏషియన్ కప్ మన దగ్గరే జరిగింది కదా? దాని రికార్డు ఎక్కడా కనిపించట్లేదు. ఇంకా ఆస్ట్రేలియా ఛాన్సులు ఎవరూ చెప్పలేదు.

లెక్కల_పిచ్చి:

కనిపించదు, ఎందుకంటే కొట్టేశారు. 2022లో ఆతిథ్య దేశం కాబట్టి నేరుగా ఎంట్రీ. కోచ్ స్వీడన్ ఆయన, థామస్ డెన్నర్‌బీ. నవీ ముంబైలో మొదటి మ్యాచ్ ఇరాన్‌తో 0-0. రెండోది చైనీస్ తైపీతో. ఆ రోజుకు క్యాంపులో కరోనా పాకి, రూల్ ప్రకారం కావాల్సిన 13 మంది కూడా లేరు. మ్యాచ్ జరగలేదు, టోర్నీ నుంచి వెనక్కి తగ్గినట్టు లెక్కేశారు, ఇరాన్‌తో ఆడింది కూడా రద్దు. సొంత దేశంలో ఏషియన్ కప్ పెట్టుకుని రికార్డులో ఒక్క మ్యాచ్ కూడా లేకుండా బయటికి వచ్చాం. అప్పుడు గెలిచి ముందుకెళ్లిన జట్లకు 2023 వరల్డ్ కప్ దారి దొరికింది. మనకది తెలియకుండానే పోయింది.

దాని మీద ఇంకోటి, 2022 ఆగస్టులోనే ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. రెండు వారాల్లోపే ఎత్తేశారు గానీ, ఏషియా క్లబ్ టోర్నీకని తాష్కెంట్ వెళ్లి దిగిన గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండా వెనక్కొచ్చారు. తప్పు ఆఫీసు కుర్చీల్లో ఉన్నవాళ్లది, టికెట్ క్యాన్సిల్ అయింది వీళ్లది.

ఇక ఛాన్సులు. 12 జట్లు, మూడు గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరు, మూడో స్థానం వాళ్లలో బెస్ట్ ఇద్దరు క్వార్టర్స్‌కు. మనది గ్రూపు సి: జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. క్వార్టర్స్‌కు వెళ్తే వరల్డ్ కప్ తలుపు దగ్గరికి వచ్చినట్టే: సెమీస్ చేరిన నలుగురు నేరుగా 2027 బ్రెజిల్‌కు, క్వార్టర్స్‌లో ఓడిన నలుగురికి మళ్లీ ప్లే-ఆఫ్, అందులో గెలిచిన ఇద్దరు బ్రెజిల్‌కు, ఓడిన ఇద్దరికి కూడా ఇతర ఖండాల జట్లతో ఇంకో అవకాశం. అంటే మూడో స్థానంలో ఉన్నా, ఒక్క మ్యాచ్ గెలిచినా లెక్కలో ఉంటాం.

కార్నర్_కిక్:

కాగితం మీద బాగుంది మాస్టారూ. 2023 అక్టోబర్-నవంబర్ గుర్తు చేయనా? తాష్కెంట్, ఒలింపిక్ క్వాలిఫయర్: జపాన్ 0-7, వియత్నాం 1-3, ఉజ్బెకిస్తాన్ 0-3. దానికి నెల ముందే హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో తైపీ చేతిలో 1-2. మన గ్రూపులో ఉన్న ముగ్గురూ ఈమధ్యే మనల్ని ఓడించినవాళ్లు. వియత్నాం వరల్డ్ కప్ ఆడి వచ్చిన టీమ్. జపాన్ సంగతి చెప్పేదేముంది, 2011లో వరల్డ్ కప్ ఎత్తినవాళ్లు.

చియాంగ్‌మాయ్_రాత్రి:

జపాన్‌ను పక్కన పెట్టు భయ్యా, అక్కడ ఎన్ని తక్కువ తింటే అంత లాభం, ఎందుకంటే మూడో స్థానం లెక్కలో గోల్ తేడా పీకల మీదికి వస్తుంది. అసలు పని వియత్నాం, తైపీ మ్యాచుల్లోనే. హాంగ్జౌలో తైపీ మీద అంజు తమాంగ్ గోల్‌తో మనమే ముందున్నాం, చివర్లో వదిలేసుకున్నాం. 1-2 అంటే ఆడగలిగే స్థాయి అనే కదా. 2022లో జరగకుండా పోయిన మ్యాచ్ కూడా తైపీదే, ఇప్పుడు గ్రూపులో ఆఖరిది అదే. వాళ్లతో డ్రా అన్నా చేసుకుని వియత్నాం దగ్గర ఒక పాయింట్ లాక్కుంటే చెప్పలేం.

నా భయం వేరే. అప్పటిదాకా ఎవరితో ఆడిస్తారు? మనకంటే పైనున్న టీమ్‌లతో నాలుగైదు ఫ్రెండ్లీలు పెట్టాలి, ఓడినా సరే. 2021లో బ్రెజిల్ వెళ్లి మనౌస్‌లో 1-6తో ఓడారు, కానీ మనీషా కల్యాణ్ బ్రెజిల్ మీద గోల్ కొట్టింది. మరుసటి ఏడాది ఆ అమ్మాయి సైప్రస్ క్లబ్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఆడింది, మన దేశం నుంచి ఆ మెట్టు ఎక్కిన మొదటి ప్లేయర్. బ్రెజిల్ చేతిలో ఆరు తిన్న రోజు భూటాన్ మీద పద్దెనిమిది కొట్టిన రోజు కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఫతేమైదాన్_పాతకాపు:

ఈ మాట ఫెడరేషన్ వాళ్లకూ ఎవరైనా చెప్తే బాగుండు. గచ్చిబౌలిలో ఆడవాళ్ల మ్యాచ్ ఒక్కటి పెట్టమనండి, సౌమ్య పేరు పోస్టర్ మీద వేస్తే ఇందూరు నుంచి బస్సులు కట్టుకుని వస్తారు.

ఇందూరు_పిల్ల:

బస్సు నేనే మాట్లాడతా అంకుల్, పోస్టర్ సంగతి మీరు చూడండి.

రామంతపూర్_నాన్న:

మ్యాచ్ తేదీలు చెప్పి పుణ్యం కట్టుకోండి, ఇప్పటినుంచే లీవ్ సంగతి చూసుకోవాలి.

లెక్కల_పిచ్చి:

మార్చి 4 వియత్నాం, బుధవారం. 7 జపాన్, శనివారం. ఈ రెండూ పెర్త్‌లో. 10 చైనీస్ తైపీ, మంగళవారం, సిడ్నీలో. పెర్త్ మనకంటే రెండున్నర గంటలు ముందు, సిడ్నీ అప్పుడు ఐదున్నర. అక్కడ రాత్రి మ్యాచ్ అంటే మనకు పగలే.

కార్నర్_కిక్:

లీవ్ అక్కర్లేని శనివారం జపానూ, లీవ్ కావాల్సిన రెండు రోజులూ గెలవగలిగే మ్యాచులూ. షెడ్యూల్ వేసినోడు ఖచ్చితంగా మా మేనేజరే.